పాత టీవీ పాఠాలు చూసి ఫోక్ గిటార్ నేర్చుకోవచ్చా? డీ నుంచి ఏ7కి మారేసరికి లయ తెగుతోంది, తీగ బరబరమంటోంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: తిరువాన్మియూర్‌లో ఉంటున్నారు, 1960ల నాటి అమెరికన్ విద్యా టీవీ ఫోక్ గిటార్ పాఠాలు వీడియోలో దొరికాయి, మూడు పాఠాలయ్యాక బండి ముందుకు కదలడం లేదు. డీ కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం) నుంచి ఏ7 కార్డ్‌కి వెళ్లేసరికి లయ తప్పుతోంది, ఒక తీగ బరబరమంటోంది, గిటార్ ఎన్నిసార్లు శ్రుతి చేసినా వీడియోతో కలవడం లేదు. మాస్టారు లేకుండా అయ్యే పనేనా అని అడిగారు.

అవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేక్యూఈడీ స్టేషన్‌లో లారా వెబర్ చెప్పిన ఫోక్ గిటార్ పాఠాల వంటివి సరిగ్గా ఇందుకే తయారయ్యాయి: గిటార్ ఎప్పుడూ పట్టని మనిషి ఇంట్లో కూర్చుని పాటకు తోడు వాయించుకోగలగాలని. కాకపోతే టీవీకి చూపించడం వచ్చు, వినడం రాదు. మాస్టారైతే మీ తీగ శ్రుతి తప్పిందనో, మీ కుడిచెయ్యి ఆగిపోతోందనో ఆ క్షణమే చెప్తారు. ఆ చెవి పని మీరే చేసుకోవాలి. మీ మూడు ఇబ్బందులూ అక్కడివే.

ముందు చూసే పద్ధతి. ఇవి వారానికొకటి చొప్పున ప్రసారమైన పాఠాలు. రెండు పాఠాల మధ్య వారం సాధన జరిగిందనే నమ్మకంతో తర్వాతి పాఠం మొదలవుతుంది. ఇప్పుడు వరసపెట్టి చూడగలుగుతున్నాం కాబట్టి ఒక ఆదివారం నాలుగు చూసేసి, ఐదోదానిలో మునిగిపోతాం. వారానికి ఒకటే చూడండి. రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. వారానికోసారి రెండు గంటలు కూర్చుంటే వేలికొనలు కాయ కట్టవు, ప్రతిసారీ నొప్పి మొదటికొస్తుంది.

రెండోది, బొమ్మ తిరగబడే సంగతి. టీచర్ మీకు ఎదురుగా కూర్చుంటారు కాబట్టి ఆవిడ గిటార్ మెడ మీకు కుడివైపు కనిపిస్తుంది, మీ గిటార్ మెడేమో మీ ఎడమకు ఉంటుంది. కంటితో చూసి అనుకరిస్తే వేళ్ల వరస తారుమారవుతుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే వీడియో ఎఫెక్ట్స్‌లో జామెట్రీకి వెళ్లి, ట్రాన్స్‌ఫామ్ కింద ఫ్లిప్ హారిజాంటల్లీ పెట్టండి, అద్దంలో మిమ్మల్ని మీరు చూసుకున్నట్టు వస్తుంది. తెర మీది అక్షరాలు తిరగబడతాయి, వాటితో మనకు పనిలేదు. ఇంతకన్నా మంచిది, ఎడమచేతి పనిని బొమ్మగా కాక అంకెలుగా రాసుకోవడం: ఏ వేలు, ఎన్నో తీగ, ఎన్నో ఫ్రెట్ (మెడ మీద అడ్డ కమ్మీల మధ్య గడి). సన్నతీగ 1, లావుతీగ 6. వీడియోను కుడిచేతి కోసం, లయ కోసం చూడండి. కాగితం మీద రానివి అవే.

శ్రుతి దగ్గరికొద్దాం. ఇది మీ తప్పు కాకపోవచ్చు. పాత కార్యక్రమాలు ఫిల్ము నుంచి వీడియోకు ఎక్కినప్పుడు వేగం మారితే శ్రుతీ మారుతుంది. 24 ఫ్రేముల ఫిల్మును 25 ఫ్రేముల మీద నడిపితే వేగం 4 శాతం పెరిగి, శ్రుతి దాదాపు 70 సెంట్లు ఎక్కుతుంది. పక్క స్వరానికి దూరం 100 సెంట్లు కదా, కాబట్టి కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టినా కలవదు, తీసినా కలవదు. పైగా స్టూడియోలో ఆ రోజు గిటార్‌ను ఎక్కడ శ్రుతి చేశారో తెలియదు. అందుకని వీడియోతో కలిసి వాయించకండి. చూసి, ఆపి, మీ శ్రుతిలో వాయించండి.

మీ శ్రుతి కోసం గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ ఒకటి కొనుక్కోండి. లావుతీగ నుంచి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ (E, A, D, G, B, E). ఎప్పుడూ కింది శ్రుతి నుంచి పైకి ఎక్కిస్తూ కలపండి. దాటిపోతే మళ్లీ కిందికి దించి ఎక్కించాలి. పై నుంచి దించి వదిలేస్తే తీగ బిగించే కీ పళ్లలో మిగిలిన వదులు వల్ల పది నిమిషాల్లో తీగ జారుతుంది. ఇంకో ప్రమాదం ఉంది. ట్యూనర్ అక్షరం చూపిస్తుంది, స్థాయి చూపించకపోవచ్చు. కొత్త సన్నతీగను "ఇంకా 'ఈ' (E) రాలేదే" అని తిప్పుతూ పోయి తెంపేవాళ్లు చాలామంది.

చెన్నైలో ఉన్నారు కాబట్టి ఇంట్లో ఎవరిదో ఒకరిది శ్రుతిపెట్టె యాప్ ఉండే ఉంటుంది. దాన్ని 6 కట్టై (శ్రుతి స్థాయి) మీద పెడితే అది 'ఏ' (A) స్వరం. 5వ తీగ మీ షడ్జమం అవుతుంది, 6వ తీగ మంద్ర పంచమం. 4వ తీగ శుద్ధ మధ్యమం, 3వది కైశికి నిషాదం, 2వది చతుశ్రుతి రిషభం, 1వది పంచమం. కర్ణాటక సంగీతం చెవిన పడి పెరిగినవాళ్లకు, ఐదో ఫ్రెట్ నొక్కి పక్క తీగతో సరిచూసే పద్ధతికన్నా ఇది తొందరగా పట్టుబడుతుంది.

ఇక అసలు చిక్కు, డీ నుంచి ఏ7. డీ ఇలా పట్టుకోండి: చూపుడు వేలు 3వ తీగ 2వ ఫ్రెట్, మధ్యవేలు 1వ తీగ 2వ ఫ్రెట్, ఉంగరం వేలు 2వ తీగ 3వ ఫ్రెట్. ఏ7ను చాలామంది చూపుడు, మధ్యవేళ్లతో పడతారు. అది తప్పేమీ కాదు గానీ డీ నుంచి వెళ్లేటప్పుడు మూడు వేళ్లూ గాల్లోకి లేవాలి. దాని బదులు మధ్యవేలు 4వ తీగ 2వ ఫ్రెట్, ఉంగరం వేలు 2వ తీగ 2వ ఫ్రెట్ పెట్టి చూడండి. ఇప్పుడు ఉంగరం వేలు 2వ తీగను వదలనే అక్కర్లేదు. ఒత్తిడి కాస్త తగ్గించి, 3వ ఫ్రెట్ నుంచి 2వ ఫ్రెట్‌కు అదే తీగ మీద జరిపితే చాలు. చూపుడు వేలు లేస్తుంది, మధ్యవేలు 1వ తీగ నుంచి 4వ తీగకు దాటుతుంది. తిరిగి డీకి వచ్చేటప్పుడు అదే దారి. ముందు కుడిచెయ్యి ముట్టుకోకుండా ఎడమచేత్తో ఈ జరుగుడు ఒక్కటే, కళ్లు మూసుకుని వచ్చేదాకా చెయ్యండి.

అయినా లయ తెగితే కారణం ఎడమచెయ్యి కాదు. కుడిచెయ్యి దానికోసం ఆగి చూస్తోంది. ఆగనివ్వకండి. మెట్రోనోమ్‌ను (నిమిషానికి ఇన్ని దెబ్బలని టిక్కుమనే లయ పరికరం) 60 మీద పెట్టి, నాలుగు దెబ్బలు డీ, నాలుగు దెబ్బలు ఏ7. నాలుగో దెబ్బకు ఎడమచేతిని ఎత్తేసి, కుడిచెయ్యి మాత్రం ఖాళీ తీగల మీద కొట్టేయండి. వినడానికి బాగుండదు, పర్వాలేదు. కొన్నాళ్లకు ఆ ఖాళీ దెబ్బ సగమవుతుంది, తర్వాత మాయమవుతుంది. లెక్క కావాలంటే, 90 వేగంలో మూడు దెబ్బలకోసారి కార్డ్ మారే పాట నిమిషానికి 30 మార్పులు అడుగుతుంది. సాధనలో ఊరికే మార్చడం నిమిషానికి 60 దాకా వస్తే పాటలో తడబడరు.

కుడిచేతికి ఫోక్ పాఠాల్లో మొదట వచ్చేది బేస్, స్ట్రమ్. బొటనవేలు లావుతీగ ఒకటి మీటుతుంది, మిగతా వేళ్లు సన్నతీగల మీద కిందికి రాస్తాయి. డీకి మొదటి బేస్ 4వ తీగ, మార్చి కొట్టేది 5వ తీగ. ఏ7కి మొదటిది 5వది, మార్చేది 6వది. డీలో 6వ తీగ తగలకూడదు, అది మోగితే కార్డ్ బురదగా వినిపిస్తుంది. మూడు దెబ్బల పాటకు బేస్, స్ట్రమ్, స్ట్రమ్, అంటే మనకు తకిట. నాలుగు దెబ్బలకు బేస్, స్ట్రమ్, రెండో బేస్, స్ట్రమ్. తకధిమిలో త, ధి మీద బొటనవేలు. ఇది నిద్రలో వచ్చాకే వేళ్లతో విడివిడిగా మీటే పద్ధతికి వెళ్లండి: బొటనవేలికి 6, 5, 4 తీగలు, చూపుడు వేలికి 3, మధ్యవేలికి 2, ఉంగరం వేలికి 1. ప్రతి వేలికీ సొంత తీగ. అమెరికన్ జానపద గిటార్‌లో పెద్దపేరైన ఎలిజబెత్ కాటన్ ఎడమచేతివాటం మనిషి, కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి పట్టుకుని బేస్ వేళ్లతో, పాట బొటనవేలితో వాయించేది. కాబట్టి ఈ పంపకం శాసనం కాదు, కానీ మొదట్లో ఒక పంపకానికి కట్టుబడి ఉండటం మేలు.

కూర్చునే తీరు గురించి ఒక హెచ్చరిక. ఫ్రెడరిక్ నోడ్ టీవీ పాఠాలు కూడా మీకు తగలొచ్చు. అవి క్లాసికల్ గిటార్ పాఠాలు. ఎడమకాలి కింద పీట, ఎడమ తొడ మీద గిటార్. రెండూ కలిపి చూస్తే మణికట్టు ఎటు వంచాలో తెలియక తికమక పడతారు. ఏదో ఒకటి పూర్తిచేయండి.

బరబర శబ్దానికి కారణం వెతకడం ఇలా. ముందు వేలు చూడండి. ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని, దానికి కాస్త వెనక నొక్కాలి. రెండు కమ్మీల నడిమధ్య నొక్కితే రెట్టింపు బలం పెట్టినా బరబరే. డీలో 1వ తీగ మూగబోతే ఉంగరం వేలు వాలి దానికి తగులుతోందన్నమాట. మెడ వెనక బొటనవేలు కాస్త కిందికి దించితే వేలు నిటారుగా దిగుతుంది. ఎడమచేతి గోళ్లు చర్మం దాకా కత్తిరించి ఉండాలి. ఖాళీ తీగ మాత్రమే బరబరమని, 1వ ఫ్రెట్ నొక్కితే శుభ్రంగా మోగితే నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి లోతైపోయింది. ఒక్క ఫ్రెట్ దగ్గరే వస్తే బ్రిడ్జ్ వైపు దాని తర్వాతి కమ్మీ ఎత్తుగా ఉంది. ఈ రెండూ దుకాణం పని. అన్నిచోట్లా వస్తుంటే మెడ చూడాలి: 1వ ఫ్రెట్‌కు కేపో వేసి, 14వ ఫ్రెట్ దగ్గర 6వ తీగ నొక్కి, 7వ ఫ్రెట్ మీద సందు చూడండి. విజిటింగ్ కార్డ్ మందం, అంటే పావు మిల్లీమీటరు అటూఇటూ ఉండాలి. బొత్తిగా సందు లేకపోతే మెడ వెనక్కి వంగింది. మెడ లోపలి ఉక్కు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, అలెన్ కీతో అపసవ్యంగా పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి. ఒకేసారి ఎక్కువ తిప్పకండి.

చెన్నైలో ఎక్కువగా ఎదురయ్యేది దీనికి తిరగబడ్డ బాధ, తీగలు మరీ ఎత్తుగా ఉండటం. గాలిలో తేమకు పైచెక్క ఉబ్బి, బ్రిడ్జ్‌ను (పైచెక్క మీద తీగల చివరలు కట్టి ఉండే చెక్క) పైకి నెడుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర కమ్మీ పైనుంచి 6వ తీగ అడుగుకు 2.5 మిల్లీమీటర్లు, 1వ తీగకు 2 దగ్గర ఉంటే సుఖం. కొత్తవాళ్లకు అంటగట్టే గిటార్లలో 4 దాకా చూస్తుంటాం. వాటితో వేళ్లు పోటెత్తడం మీ చేతకానితనం కాదు. మెడ సందు సరిగా ఉన్నాకే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) అడుగు అరగదీయించాలి. 12వ ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ నుంచి 2 మిల్లీమీటర్లు తీయాలి, ఆ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి పాత దుకాణాల్లో అడిగితే ఈ పని ఎవరు చేస్తారో చెప్తారు. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరుతోందంటే జిగురు వదిలేస్తోంది. వెంటనే తీగలు వదులు చేసి తీసుకెళ్లండి.

తీగల సంగతి. 12 గేజ్ (తీగ మందం కొలత) స్టీల్ సెట్ మొత్తం మెడను 70 కిలోలకు పైగా లాగుతుంది. 10 లేదా 11 గేజ్ వేయించండి, వేళ్లకూ చెక్కకూ మేలు. క్లాసికల్ గిటార్‌కు నైలాన్ తీగలే వేయాలి. దాని కట్టుబడి దాదాపు 40 కిలోల కోసం చేసింది, స్టీల్ వేస్తే బ్రిడ్జ్ ఊడొస్తుంది. సముద్రానికి అంత దగ్గర్లో ఉన్నారు కాబట్టి వాయించడం అవ్వగానే పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. పూత వేసిన తీగలు ఖరీదెక్కువైనా మీ పేటలో గిట్టుబాటే. గోడకు తగిలించకుండా పెట్టెలో పెట్టండి, సిలికా జెల్ సంచీలు, ఒక చిన్న తేమమీటరు తోడు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్ కుదురుగా ఉంటుంది.

పాడుతూ వాయించాలంటే కేపో తప్పదు. మీ శ్రుతి రెండు కట్టై అయితే డీ వరస కార్డ్ ఆకారాలు కేపో లేకుండానే, రెండున్నర అయితే అవే 1వ ఫ్రెట్ కేపోతో, నాలుగు అయితే 3వ ఫ్రెట్‌తో. ఐదున్నరలో పాడేవారికి జీ ఆకారాలు, 1వ ఫ్రెట్ కేపో. కేపోను ఫ్రెట్‌కు ఆనించి బిగించి, మళ్లీ ఒకసారి శ్రుతి చూడండి, బిగింపుకు తీగలు కాస్త ఎక్కుతాయి.

ముందు పాఠాల్లో ఎఫ్ కార్డ్ వస్తుంది, అక్కడ చాలామంది గిటార్ మూలన పెట్టేస్తారు. ఆరు తీగలూ చూపుడు వేలితో నొక్కే ఎఫ్ ఇప్పుడే అక్కర్లేదు. 4వ తీగ 3వ ఫ్రెట్ ఉంగరం వేలు, 3వ తీగ 2వ ఫ్రెట్ మధ్యవేలు, 2వ తీగ 1వ ఫ్రెట్ చూపుడు వేలు పెట్టి, 1వ తీగ ఖాళీగా మోగనివ్వండి, 5, 6 తీగలు కొట్టకండి. అది ఎఫ్ మేజర్ 7. పాటలో చాలాచోట్ల ఎఫ్‌కు బదులు నడిచిపోతుంది.