ఎన్సెనాడా తీరంలో రెండు రాత్రుల క్యాంపింగ్: వీసా కాగితాలు, పోటు గీత, ఆదివారం క్యూ

శాన్ డియాగో నుంచి ఆరుగురు స్నేహితులు శుక్రవారం బయలుదేరి, మెక్సికోలో ఎన్సెనాడా దగ్గరి సముద్రతీరంలో రెండు రాత్రులు టెంట్లలో గడిపి ఆదివారం తిరిగి రావాలనుకుంటున్నారని, వారిలో ఒకరి హెచ్-1బి వీసా స్టాంపు గడువు తీరిపోయిందని రాశారు. ఇదే ప్రయాణం మేము ఒక జూలైలో చేశాము కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను. వెళ్లడం సులభం, తిరిగి రావడమే కష్టం. అందువల్ల ఆదివారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ప్రణాళిక వేసుకోండి.

ముందుగా ఆ ఒక్కరి సంగతి తేల్చుకోవాలి. గడువు తీరిన స్టాంపుతో కూడా మెక్సికోలో ముప్పై రోజులకు మించకుండా ఉండి, చెల్లుబాటులో ఉన్న ఐ-94తో (అమెరికాలో ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే నమోదు పత్రం) అమెరికాలోకి తిరిగి రావడానికి ‘ఆటోమేటిక్ రీవాలిడేషన్’ అనే వెసులుబాటు ఉంది. అయితే అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు చేసుకున్నవారికి అది వర్తించదు. చాలామంది ఇంతవరకే చదివి ధైర్యంగా బయలుదేరుతారు. కానీ అది అమెరికా వైపు నిబంధన మాత్రమే. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారిని మెక్సికో తన వీసా లేకుండా రానిచ్చేది, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా, గ్రీన్ కార్డు లాంటివి ఉన్నప్పుడు. ఆ మినహాయింపుకు ఐ-797 కాగితం, అంటే హెచ్-1బి ఆమోదం తెలిపే నోటీసు, పనికిరాదు. అంటే మీ స్నేహితుడు తిరిగి రాగలరు గానీ, మెక్సికో వీసా తీసుకోకుండా సక్రమంగా వెళ్లలేరు. మా బృందంలోనూ ఒకరిది ఇదే పరిస్థితి; గురువారం రాత్రి సామాను సర్దుకుంటుండగా బయటపడింది. అతను ఆగిపోయాడు. కారు పైకప్పు కడ్డీలకు టెంట్లు కట్టి పెట్టి, ‘మీరు వెళ్లి రండిరా’ అని మమ్మల్ని సాగనంపాడు. మూడు వారాల ముందే చూసుకుని ఉంటే అతనికీ వీసా వచ్చేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ వకీలును ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

రోడ్డు మార్గంలో మరో చిక్కు ఉంది. శాన్ ఇసిడ్రో సరిహద్దు ద్వారం దగ్గర మెక్సికోలోకి కార్లు దాదాపు ఆగకుండానే సాగిపోతాయి, మిమ్మల్ని ఎవరూ పిలిచి పాస్‌పోర్టు అడగకపోవచ్చు. అయినా మీరే పక్కకు తీసి ఆపి, వలస కార్యాలయంలోకి వెళ్లి, ఎఫ్ఎంఎం అనే పర్యాటక అనుమతి పత్రం తీసుకుని పాస్‌పోర్టుపై ముద్ర వేయించుకోవాలి. కారు ఎన్సెనాడా ఉన్న బాజా కాలిఫోర్నియా ద్వీపకల్పం దాటనంతవరకు దానికి తాత్కాలిక దిగుమతి పర్మిట్ అవసరం లేదు. కానీ అమెరికా వాహన బీమాను మెక్సికో చట్టం గుర్తించదు కాబట్టి, అక్కడి బీమాను బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని ముద్రించి దగ్గర ఉంచుకోండి. తుపాకీ మాట అటుంచి, కారు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా జైలు పాలు కావచ్చు. ఈ-సిగరెట్లు తీసుకువెళ్లకూడదు. మనకు తట్టని సంగతి మరొకటి: జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ అక్కడ నిషిద్ధం. మందుల పెట్టె ఒకసారి వెతికి చూసుకోండి.

సరిహద్దు దాటగానే వచ్చే తిహువానా నగరం నుంచి ఎన్సెనాడా వరకు సముద్రం అంచున సాగే టోల్ రహదారి సుమారు వంద కిలోమీటర్లు ఉంటుంది. 2013 డిసెంబరులో కొండచరియ జారి దానిలో కొంత భాగం కూలిపోగా, ఏడాది పాటు మూసివేశారు. పగటిపూట అది హాయైన ప్రయాణం. చీకటి పడ్డాక, ముఖ్యంగా ఎన్సెనాడా దాటిన తరువాత, రోడ్డుపై పశువులుంటాయి, గుంతలుంటాయి. ఆ సాహసం చేయకండి. బండి ఆగిపోతే 078కి, ప్రమాదమైతే 911కి ఫోన్ చేయాలి.

మెక్సికోలో సముద్రతీరాలు ప్రజల ఆస్తి. తీరాన్ని ఆనుకుని ఉండే 20 మీటర్ల భూమి కూడా సమాఖ్య ప్రభుత్వానిదే. దీన్ని చదివి, ఎక్కడైనా టెంట్ వేసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నేను ఇవ్వను. 2024 ఏప్రిల్‌లో ఎన్సెనాడాకు దక్షిణాన నిర్జన తీరంలో క్యాంపు చేసిన ముగ్గురు సర్ఫర్లు హత్యకు గురయ్యారు. కాపలాదారు, గేటు, పక్కన వేరే కుటుంబాలు ఉండే క్యాంపు స్థలానికి డబ్బు కట్టి అక్కడే ఉండండి. మేము ఎన్సెనాడా దగ్గరి పుంతా బాండా వైపు అలాంటి చోటే దిగాము. శనివారం లా బుఫడోరా చూడటానికి అక్కడి నుంచి దగ్గర. అలలు రాతి చీలికలోకి దూసుకుపోయి ఫౌంటెన్‌లా పైకి ఎగజిమ్మే చోటు అది.

ఇక తీరం మీద మేము చేసిన తప్పు చెబుతాను. మేము చేరేసరికి మధ్యాహ్నం అయింది, పోటు మీద ఉన్న నీరు ఎంతవరకు వస్తోందో చూశాము. సాయంత్రం నాలుగింటికి నీరు బాగా వెనక్కి పోయాక, ఆ తడి గీతకు పది అడుగులు పైన, మెత్తని ఇసుకలో టెంట్లు వేశాము. కాపలా కాసే పెద్దాయన వచ్చి, మాకంటే ఇంకా పైన ఎండిపోయి పడి ఉన్న సముద్రపు నాచును చేతికర్రతో చూపించి, కర్రను గుట్ట వైపు ఊపాడు. ఆయన స్పానిష్ మాకు అర్థం కాలేదు. ఇక్కడ శుభ్రంగా లేదంటున్నాడేమో అనుకుని నవ్వి తల ఊపాము. ఆ రాత్రి పౌర్ణమి. పది దాటాక ఒకతను లేచి కూర్చుని, ‘ఒరేయ్, పరుపు కింద ఏదో కదులుతోందిరా’ అన్నాడు. టార్చి వేసి చూస్తే టెంట్ నేల గుడ్డ కింద నీరు పాకుతూ, ఆ గుడ్డను బుడగలా పైకి లేపుతోంది. ఒకరి చెప్పులు అప్పటికే వెళ్లిపోయాయి. రెండు టెంట్లనూ మేకులతో సహా పెకలించి, స్లీపింగ్ బ్యాగులు భుజాన వేసుకుని గుట్ట మీదికి పరుగెత్తాము.

తరువాత తెలిసింది ఏమిటంటే, ఆ తీరంలో రోజుకు రెండు పోట్లు వస్తాయి గానీ రెండూ ఒకే ఎత్తులో ఉండవు. వేసవిలో పౌర్ణమి, అమావాస్యల దగ్గర పెద్ద పోటు రాత్రి వస్తుంది. మధ్యాహ్నం మేము చూసింది చిన్నది. పెద్దాయన చూపించిన నాచు గీత పెద్ద పోటు వదిలి వెళ్లిన ఆనవాలు. శాన్ డియాగో పోటు పట్టిక ఎన్సెనాడాకు కూడా ఇంచుమించు సరిపోతుంది, దాన్ని ముద్రించి తీసుకువెళ్లండి. టెంట్ మాత్రం నాచు గీతకు బాగా పైన వేయండి.

గుట్ట మీద గాలి ఎక్కువ, పైగా ఇసుకలో మామూలు మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతు గుంటలో పాతిపెడితే టెంట్ కదలదు. మంట ఆర్పేటప్పుడు నిప్పులపై ఇసుక కప్పకండి. లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, తెల్లవారి వట్టికాళ్లతో నడిచేవారికి ఆనవాలు కూడా కనిపించదు. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ నీళ్లు పోయాలి. జూలైలో కూడా పొద్దున మబ్బు, చలి తప్పవు కనుక స్వెట్టరు ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో మేము ఆదివారం సాయంత్రం అయిదింటికి శాన్ ఇసిడ్రో వరుసలో చేరి, నాలుగు గంటలకు పైగా కారులోనే కూర్చున్నాము. రెడీ లేన్ అనే ప్రత్యేక వరుస వేగంగా కదులుతుంది కానీ, గ్రీన్ కార్డు లాంటి ఆర్ఎఫ్ఐడీ చిప్పు (యంత్రం దూరం నుంచే చదవగలిగేది) ఉన్న పత్రం కారులోని పెద్దలందరి దగ్గరా ఉండాలి. పాస్‌పోర్టు, వీసా మాత్రమే ఉన్నవారు ఒక్కరున్నా అందరూ మామూలు వరుసకే వెళ్లాలి. మీరు రెండు కార్లలో వెళ్లేట్లయితే, తిరిగి వచ్చేటప్పుడు చిప్పు పత్రాలున్నవారంతా ఒక కారులో ఎక్కండి. తూర్పున ఉన్న టెకాటే అనే మరో సరిహద్దు ఊరి మీదుగా వచ్చే దారి కూడా ఉంది గానీ, ఆ ద్వారం రాత్రంతా తెరిచి ఉండదు. మిగిలిన పండ్లు, మాంసం అక్కడే ఇచ్చేసి రండి. ఏదైనా మిగిలితే అడగకముందే అధికారికి చెప్పండి.

రెండోసారి వెళ్లినప్పుడు మేము శనివారం రాత్రే సామాను సర్దుకుని, ఆదివారం వెలుగు రాగానే టెంట్లు విప్పి, ఎనిమిదిలోపే వరుసలో చేరాము. గంటలోపు ఇవతల ఉన్నాము. మొదటిసారి ఆగిపోయిన స్నేహితుడు ఈసారి కొత్త స్టాంపుతో మాతోనే వచ్చాడు, టెంట్ల చోటు కూడా నాచు గీత చూసి అతనే ఎంచాడు.