ఫుట్ ఫాల్ట్ చెప్పాల్సింది ఎవరు?

గుంటూరు.

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

ఫోన్లో చెబుదామంటే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మొన్న ఆదివారం నున్న దగ్గర మామిడితోటలో మీ ఆట చూశాక నాకు నిజంగా సంతోషం వేసింది. డిస్క్ విసిరి, వీలైనన్ని తక్కువ త్రోల్లో గొలుసుల బుట్టలో వేసే ఈ డిస్క్ గోల్ఫ్‌ని విజయవాడ కుర్రాళ్ళు ఆడుతుంటే చూస్తానని అనుకోలేదు. నెలాఖరుకి పోటీ కూడా పెడతామంటున్నారు, పెట్టండి. కానీ ఐదో బుట్ట దగ్గర జరిగింది నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఆ పొడుగు కుర్రాడు పుట్ చేస్తూనే, అంటే దగ్గర్నుంచి బుట్టలోకి వేస్తూనే, డిస్క్ పడ్డ చోటు గుర్తుగా ఉన్న మార్కర్ దాటి కాలు ముందుకేశాడు. అది ఫుట్ ఫాల్ట్. నువ్వు నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని స్కోరు రాసేశావు.

దూరం గురించి వాదన కూడా అక్కర్లేదు. ఆ తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య పది మీటర్లు. బుట్ట ఒక చెట్టు మొదట్లో ఉంది, అతని డిస్క్ పక్క చెట్టుకి ఇవతలే పడింది. పది మీటర్ల లోపల పుట్ చేసినవాడు మార్కర్ వెనకే నిలదొక్కుకుని, తూలడం లేదని చూపించాకే ముందుకు నడవాలి. దూరం అంతకన్నా ఎక్కువైతే విసిరిన ఊపులో ముందుకు పోవచ్చు. అప్పుడైనా డిస్క్ చెయ్యి వదిలే క్షణంలో ఒక కాలు మార్కర్ వెనకున్న చోట ఉండాల్సిందే. ఆ చోటు 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు. జానెడు వెడల్పు, స్కూలు పిల్లల స్కేలంత పొడవు అనుకో. తప్పితే ఒక పెనాల్టీ త్రో.

ఇది నీకు తెలియక కాదు. చెప్పడానికి నోరు రాలేదు, అంతే. దాని గురించే ఈ ఉత్తరం.

గుంటూరులో పాతికేళ్ళు లోకల్ క్రికెట్‌కి అంపైరింగ్ చేసినవాణ్ణి. బౌలర్ కాలు గీత దాటితే చెయ్యి చాపేవాణ్ణి, అది నా డ్యూటీ. నన్ను తిట్టుకున్నా ఆటగాళ్ళు ఒకరితో ఒకరు బాగానే ఉండేవాళ్ళు. అమెరికాలో మీ అక్క దగ్గరున్నప్పుడు పార్కులో మొదటిసారి ఈ ఆటకి వెళ్ళి "అంపైర్ ఎవరు?" అని అడిగాను. నలుగురూ నవ్వి "నువ్వే" అన్నారు. పెద్ద పోటీల్లో అఫీషియల్స్ ఉంటారు గానీ, ప్రతి గ్రూపు వెనకా ఒక మనిషి నడవడు. గ్రూపులో ఒకడు తప్పు చెప్పాలి, ఇంకొకడు అవునని బలపరచాలి. అప్పుడే పెనాల్టీ పడుతుంది. (మన వీధి క్రికెట్లో బ్యాటింగ్ టీమువాడే అంపైర్. ఆ లెక్కన నా చిన్నతనంలో మా వీధిలో ఒక్క ఎల్‌బీడబ్ల్యూ కూడా పడలేదు.)

చెప్పే పద్ధతి ఒకటుంది. స్పష్టంగా చూస్తేనే చెప్పు, అనుమానమైతే ఊరుకో. చూసిన వెంటనే, మామూలు గొంతుతో "ఫుట్ ఫాల్ట్" అను, చాలు. నవ్వుతూ అనకు, జోక్ అనుకుంటారు. వివరణ ఇవ్వకు, గొడవ అవుతుంది. మూడు బుట్టలు దాటాక "ఇందాక నువ్వు కూడా..." అని పాత లెక్క తీయకు, అది చెల్లదు, పైగా పగ తీర్చుకున్నట్టు కనిపిస్తుంది. పక్కవాడు చెప్పినప్పుడు నువ్వు చూసి ఉంటే "అవును" అను. చాలామంది ఇక్కడే జారిపోతారు. మొదట చెప్పినవాణ్ణి ఒంటరిగా వదిలేసి బూటు లేసు కట్టుకుంటారు.

స్నేహం చెడుతుందని నీ భయం. చెడొచ్చు కూడా, ఒక పూట. కానీ నువ్వు వదిలేసిన ఆ ఒక్క త్రో ఎవరి జేబులోంచి పోయిందో చూడు. వెనక గ్రూపులో, చెట్ల అవతల ఆడుతున్నవాడిది. వాడికి ఏం జరిగిందో కూడా తెలియదు. పోటీలో మీ నలుగురూ కాపలా కాసేది వాడి స్కోరుని.

అలాగని పోలీసులా తిరగకు. ముప్ఫై సెకన్లలో విసరాలన్న రూలుంది, మొదటిసారికి వార్నింగే. పంట కాలువ గట్టు మీద డిస్క్ ఓబీనా (హద్దు దాటిందా) కాదా అని గ్రూపు తేల్చుకోలేకపోతే, విసిరినవాడి పక్షానే తీర్పు. రూల్స్ రాసినవాళ్ళకి మనుషుల మీద నమ్మకం ఎక్కువే. ఈ గొలుసుల బుట్టని తయారుచేసి, 1976లో ఈ ఆట సంఘం పీడీజీఏని మొదలుపెట్టిన ఎడ్ హెడ్రిక్ 2002లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం అస్థికల్ని కలిపి డిస్కులు పోశారు. మనం కృష్ణలో కలుపుతాం, ఆయన్ని ఇంకా విసురుతున్నారు!

నీ తప్పు నువ్వే చెప్పాల్సిన రోజూ వస్తుంది. నాకొచ్చింది. ఒక శనివారం లీగులో నాలుగు వేసిన చోట మూడని రాసి కార్డు ఇచ్చేశాను. తిండి దగ్గర కూర్చున్నాక గుర్తొచ్చింది. తప్పు స్కోరిస్తే సరైన మొత్తానికి రెండు త్రోలు కలుపుతారు. అంటే మొత్తం మూడు పోతాయి, దాంతో రెండో స్థానం పోతుంది. అబద్ధం ఎందుకు, పది నిమిషాలు లేవలేదు. చివరికి వెళ్ళి లీగు నడిపే ఆయనకి చెప్పాను. ఆయన పెన్ను తీసి దిద్దాడు, ఒక్క మాట అనలేదు. అది మరుపు కాబట్టి రెండు త్రోలతో పోయింది. తెలిసి తొండి చేస్తే పోటీ నుంచే పంపేస్తారు.

ఆ పొడుగు కుర్రాడు మంచివాడే, అలవాటులో కాలు పడుతోంది. పోటీకి ముందే, అందరి ఎదుటా కాకుండా, టీ తాగేటప్పుడు చెప్పు. వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఈలోపు టేపు పట్టుకుని ఐదు బుట్టల చుట్టూ పది మీటర్లకి సున్నం గీత గీయించి ఉంచు.

మీ పెదనాన్న