సెలక్షన్స్ ఆదివారం పడ్డాయి, పాపని పంపాలా వద్దా?

ప్రశ్న: అక్కా వందనాలు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా పాప ఇంటర్ ఫస్టియర్, 400 మీటర్లు బాగా పరిగెడుతుంది. జిల్లా సెలక్షన్స్ ఆదివారం పెట్టారు. మావారేమో ఎరిక్ లిడెల్ అనే రన్నర్ ఆదివారం దేవుడి రోజు, పరిగెత్తనంటే దేవుడు ఆయనకి గోల్డ్ మెడల్ ఇచ్చాడు, మన పాప మానేస్తే దీనికంటే పెద్దదే ఇస్తాడు అంటున్నారు. పాప అప్పట్నించి సరిగ్గా అన్నం తినట్లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి

జవాబు: వందనాలు చెల్లీ. మీవారు చెప్పింది సగం నిజమే, ఆ మిగతా సగం గురించే నా భయం.

లిడెల్ స్కాట్లాండ్ మిషనరీల కొడుకు, పుట్టింది చైనాలో. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆయన బలమంతా 100 మీటర్ల మీదే, దాని హీట్స్, అంటే మొదటి రౌండ్ పరుగులు, జులై 6 ఆదివారం పడ్డాయని పరిగెత్తనన్నాడు. ఆయన మీద తీసిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఓడ ఎక్కాక తెలిసినట్టు చూపించారు గానీ ఆ సంగతి నెలల ముందే తెలుసు, అందుకే 200కీ 400కీ ప్రాక్టీస్ చేసుకున్నాడు, రిలేలు కూడా ఆదివారమే ఉంటే అవీ వదిలేశాడు. 200లో బ్రాంజ్ వచ్చింది. 400 ఫైనల్ జులై 11 శుక్రవారం, ఆయనకి చిట్టచివరి ఔట్‌సైడ్ లేన్ వచ్చింది. ఆ లేన్ సంగతి మీ పాపనడుగు, చెప్తుంది, అందరూ వెనకే ఉంటారు, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తెలీదు, స్పీడ్ మనకి మనమే చూసుకోవాలి. ఆయన మొదటి 200 స్ప్రింట్ లాగా లాగేసి, అందరూ ఇంక పడిపోతాడు అనుకుంటుంటే అలాగే వెళ్ళిపోయి 47.6 సెకండ్లలో వరల్డ్ రికార్డుతో గెలిచాడు.

"నన్ను ఘనపరచువారిని నేను ఘనపరచుదును" అని టీమ్‌కి మసాజ్ చేసే ఆయన చీటీ రాసిచ్చాడు కదా, మన చర్చిల్లో కథ అక్కడితో ఆపేస్తారు. కానీ 100 వదులుకున్నప్పుడు 400లో గోల్డ్ వస్తుందని ఆయనకి ఎవరూ మాటివ్వలేదమ్మా, రాకపోయినా ఆయన వదిలేసేవాడే. మరుసటేడు 1925లో, మంచి ఫామ్‌లో ఉండగానే చైనా వెళ్ళి టీచరయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు 1943లో ఆయన్ని చైనాలోనే వెయ్‌షియన్ నిర్బంధ క్యాంపులో పెట్టారు, భార్యాపిల్లలు కెనడాలో, మూడో కూతురి ముఖం కూడా చూడకుండా 1945 ఫిబ్రవరి 21న బ్రెయిన్ ట్యూమర్‌తో అక్కడే పోయాడు, 43 ఏళ్ళకి. దేవుణ్ణి ఘనపరిస్తే మెడల్ గ్యారంటీ అని పాపకి నేర్పితే, ఈ చావు గురించి అడిగినప్పుడు ఏం చెప్తారు?

ఇంకోటి, అదే క్యాంపులో పిల్లలు ఆదివారం హాకీ ఆడతామంటే ఆయన మొదట రానన్నాడు, వాళ్ళు ఆటలో కొట్టుకున్నారని తెలిశాక మాత్రం ఆదివారమే వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. తన మెడల్ కోసం దాటని గీత ఆ పిల్లల కోసం దాటాడు. నాకైతే పారిస్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

పారిస్‌లో నిర్ణయం ఆయనది, ఆయనకప్పుడు 22 ఏళ్ళు, ఇంట్లోవాళ్ళు తీసుకున్నది కాదు. అందుకని మీవారు లేనప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని నీ మనసులో ఏముంది తల్లీ అని అడుగు. పరిగెడతానంటే దేవుడికి కోపమొస్తుందని భయపెట్టొద్దు, మానేస్తానంటే పెద్దది ఇస్తాడని ఆశపెట్టొద్దు. నన్నడిగితే తెల్లారుజామున మొదటి ఆరాధనకి తీసుకెళ్ళి అట్నుంచి అటే గ్రౌండ్‌కి పంపిస్తా, కానీ పాప వద్దంటే ఆ మాటకీ అంతే విలువివ్వాలి. ఈలోపు 400 హీట్స్ ఏ టైమ్‌కో కోచ్‌ని కనుక్కోమను, మధ్యాహ్నమైతే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మీవారికి ఈ పేజీ చదివి వినిపించు, కాదంటే ఆయన్నే నాకు రాయమను.