పన్ను, గొంతు, చెవి ఒక్కసారే నొస్తే ముందు ఎవరికి చూపించాలి?

హన్మకొండ నుంచి ఎమ్మెస్‌కు అమెరికా వచ్చిన పిల్లలైనా, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయిన అన్నలైనా అడిగేది ఇదే: "ఒక్క పక్కనే పన్ను, గొంతు, చెవి నొస్తున్నయ్, ఏ డాక్టర్ దగ్గరికి పోవాలె?"

మూడు రోగాలని భయపడకండి. చాలాసార్లు మూలం ఒక్కటే. కింది పళ్లకు పోయే నరం కొమ్మే చెవి ముందుకూ పోతుంది, టాన్సిల్స్ దగ్గరి నరం చెవి లోపలికీ పోతుంది. అందుకే చెవి బాగానే ఉన్నా పోటు పెడుతుంది.

ఇరవైల్లో ఉన్నవాళ్లు మొదట అనుమానించాల్సింది కింది జ్ఞానదంతాన్ని. పన్ను సగమే బయటికొచ్చి మిగతా సగం మీద చిగురు కప్పి ఉంటే, ఆ సందులో మెతుకులు ఇరుక్కుని చీము పడుతుంది. నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోదు, మింగితే గొంతు నొస్తుంది. యాంటీబయాటిక్ ఒక్కటే వేసుకుంటే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఆ సందు అట్లనే ఉంటుంది. డెంటిస్ట్ లోపల కడగాలి, మళ్లీ మళ్లీ వస్తే పన్ను తీయాలి.

చల్లనీళ్లు తాగాక జివ్వుమని చాలాసేపు లాగితే పుచ్చు పంటి నరం దాకా పోయిందనుకోవాలి. ముక్కు దిబ్బడ ఉండి, వంగితే పైదవడ పళ్లన్నీ బరువెక్కితే సైనస్. పొద్దున లేవగానే చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టక్కుమనడం ఉంటే నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో. చెవి డొప్ప లాగితే నొప్పి పెరిగితే అది చెవిదే. గొంతు ఒకే పక్క వాచి మాట ముద్దగా వస్తే టాన్సిల్ పక్కన చీము కావచ్చు, అదే రోజు చూపించాలి.

దవడ కిందో నాలుక కిందో గట్టిగా వాచి, ఉమ్ము మింగలేకపోయినా, ఊపిరి ఆడకున్నా ఆగొద్దు: అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూఏఈలో 998, సౌదీలో 997. గుట్కా, జర్దా, బీడీ అలవాటున్నవాళ్లకు ఒకే పక్క గొంతు, చెవి నొప్పి మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ తప్పనిసరి.

రాత్రి గడవాలంటే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. తిన్నాక ఐబుప్రొఫెన్ 400 ఎంజీ వేసుకోవచ్చు. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వద్దు. అమెరికాలో దొరికే టైలెనాల్ అంటే మన డోలోలో ఉండే పారాసిటమాలే. అక్కడి జలుబు మందుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి రోజుకు 3000 ఎంజీ దాటనీయకండి. చెవిలో వెల్లుల్లి నూనె మాత్రం పోయొద్దు, కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికి దిగుతుంది.

అమెరికాలో స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో పళ్ల వైద్యం చాలావరకు ఉండదు. అర్జెంట్ కేర్‌లో (అపాయింట్‌మెంట్ లేకుండా పోయే క్లినిక్) మందులు రాస్తారు, పన్ను తీయరు. డెంటల్ కాలేజీ క్లినిక్‌లో ఖర్చు తగ్గుతుంది. విమానం ఎక్కకముందే వరంగల్‌లో ఓపీజీ ఎక్స్‌రే (దవడలు, పళ్లన్నీ ఒకే ఫొటోలో కనిపించేది) తీయించుకుని, తీయాల్సిన పన్ను ఉంటే ప్రయాణానికి మూడు వారాల ముందే తీయించుకోండి. గల్ఫ్‌కు పోయేవాళ్లు పంటినొప్పికి రాసిన గోలీల్లో ట్రమడాల్ ఉందేమో చీటీలో చూసుకోండి. అక్కడ దానిమీద కట్టడి ఉంది, అనుమతి లేకుండా సంచిలో పెట్టుకోవద్దు.