సింహం మాట ఎత్తేటప్పుడు: ప్రసంగీకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: యౌవనస్థుల కూడికలో సామెతలు 28:1 మీద 25 నిమిషాలు మాట్లాడాలి. "నీతిమంతులు సింహమువలె ధైర్యముగా నుందురు" అనే మాటను ఎలా విభజించుకోవాలి? ఎంత సిద్ధపడినా "సింహాల్లా లేవండి" అని కేకలు వేయడం దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాను.

వచనంలో సగమే తీసుకుంటే అలాగే ఆగిపోతుంది. ముందు సగం చదవండి: "ఎవడును తరుమకుండనే దుష్టుడు పారిపోవును." వెనక ఎవరూ లేరు, అయినా పరుగు. తరుముతున్నది లోపలున్న తప్పు. లేవీయకాండము 26:17లో ఇదే మాట నిబంధన మీరినవారికి శాపంగా వస్తుంది. ఆదికాండము 3:10లో ఆదాము చెట్ల చాటుకు వెళ్లిందీ ఈ భయంతోనే. కాబట్టి మొదటి 7 నిమిషాలు సింహం ఊసే ఎత్తకండి. దాచిపెట్టిన అబద్ధం ఉన్నవాడికి ఫోను మోగినా గుండె ఎందుకు దడదడలాడుతుందో చెప్పండి. ఈ మాట యువకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

తర్వాత 8 నిమిషాలు రెండు హెబ్రీ పదాల మీద పెట్టండి. ఇక్కడ "ధైర్యముగా నుందురు" అన్నచోట ఉన్న క్రియకు మూలం "బాతఖ్". నమ్మకం పెట్టుకోవడం, నిశ్చింతగా ఉండడం అని దాని అర్థం. "నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము" అనే సామెతలు 3:5లో ఉన్నదీ అదే క్రియ. ఇదే 28వ అధ్యాయం చివర 25, 26 వచనాల్లో అది మళ్లీ రెండుసార్లు వస్తుంది: ఒకడు యెహోవాను నమ్ముకుంటాడు, మరొకడు తన మనసునే నమ్ముకుని బుద్ధిహీనుడవుతాడు. అంటే మొదటి వచనంలోని ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో అధ్యాయమే చెబుతోంది. ఇది ఛాతీ విరుచుకునే ధైర్యం కాదు, జడుసుకోవాల్సిన పనిలేని మనిషి నిబ్బరం.

రెండో పదం "కెఫీర్". తెలుగులో ఇక్కడ ఉత్త "సింహము" అని ఉంది గానీ, కెఫీర్ అంటే కొదమ సింహం. పిల్ల కాదు, సొంతంగా వేటాడే వయసుకొచ్చినది. యెహెజ్కేలు 19:3లో ఒక పిల్ల పెరిగి కెఫీర్ అయ్యాకే వేట నేర్చుకుంటుంది. దీన్ని పట్టుకుని కీర్తన 34:10కి వెళ్లండి. మన అనువాదంలో "సింహపు పిల్లలు లేమిగలవై ఆకలిగొనును" అని ఉండేసరికి తల్లి కోసం ఏడ్చే కూనలు కళ్ల ముందు మెదులుతాయి. మూలంలో ఉన్నది కెఫీర్ బహువచనమే. మంచి వయసులో, మంచి బలంలో ఉన్నవే ఆకలితో అలమటిస్తాయి, యెహోవాను ఆశ్రయించినవారికి మాత్రం ఏ మేలూ కొదువ ఉండదు అంటున్నాడు కీర్తనకారుడు. అడవిలోనూ అంతే. సింహం వేటల్లో ఎక్కువ శాతం గురి తప్పేవే. ధైర్యానికి గుర్తుగా చూపిన జంతువునే బైబిలు మరోచోట ఆకలికి గుర్తుగా చూపిస్తోంది. సొంత బలం మీద ప్రసంగం కట్టేవాళ్లు ఈ కీర్తన జోలికి సాధారణంగా పోరు.

మిగిలిన 10 నిమిషాలకు ఒక్క ఉదాహరణ చాలు: దానియేలు 6:10. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిసి కూడా ఇంటికి వెళ్లాడు, "యథాప్రకారముగా" మోకాళ్లూనాడు. ఆ రోజు కోసం కిటికీలు కొత్తగా తెరవలేదు, ఎవరైనా చూస్తారని మూయనూ లేదు. ఆ అధ్యాయంలో దానియేలు నోటినుంచి వచ్చే మాటలు 21, 22 వచనాల్లో ఉన్నవే, అవీ సింహాల గుహలో రాత్రంతా గడిచాక. తిండీ నిద్రా మాని, తెల్లవారగానే పరుగెత్తుకొచ్చి దుఃఖస్వరంతో పిలిచినవాడు రాజు. గుహలో ఉన్నవాడి గొంతు మాత్రం నెమ్మదిగా ఉంది. దీన్ని మైకు ముందు గర్జిస్తూ చెబితే వాక్యం ఒకటి చెబుతుంది, మీ గొంతు ఇంకొకటి చెబుతుంది. వినేవాళ్లు గొంతునే ఇంటికి తీసుకెళ్తారు.

ప్రశ్న: పోయిన వారం యేసును "యూదా గోత్రపు సింహము" అన్నాను. ఈ వారం 1 పేతురు 5:8 చదివి అపవాదిని, అంటే సాతానును, సింహం అన్నాను. సంఘంలో ఒక పెద్దాయన "అయ్యగారూ, ఇంతకీ సింహం ఎవరు?" అని అడిగారు. ఏం చెప్పాలి?

ఆయన అడిగినది మంచి ప్రశ్న. బడిలో నేర్చుకున్న ఉపమాలంకారం ఇక్కడ పనికొస్తుంది. ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం అని నాలుగు భాగాలు. సామెతలు 28:1లో ఉపమేయం నీతిమంతులు, ఉపమానం సింహం, ఉపమావాచకం "వలె", సమానధర్మం ధైర్యం. 1 పేతురు 5:8లో ఉపమానం అదే, "వలె" అదే. మారింది సమానధర్మం: "ఎవరిని మింగుదునా" అని వెదకుతూ తిరగడం. "యూదా గోత్రపు సింహము" ఉన్న ప్రకటన 5:5కి వస్తే అక్కడ "వలె" లేదు, అది రూపకం. దాని సమానధర్మం ఆదికాండము 49:9, 10లోని యూదా ఆశీర్వాదంలో దొరుకుతుంది: ఎవరూ లేపలేని, రాజదండం చేజారని రాజరికం.

కాబట్టి సింహం ఒక్కరికే గుర్తు కాదు. ఏ వచనం ఏ సమానధర్మాన్ని పైకి చెప్పిందో అంతవరకే వెళ్లాలి. అది దాటి సింహంలో మనకు నచ్చిన గుణాలన్నీ కలిపేస్తే ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. ప్రసంగం రాసుకునే ముందు కాగితం మీద ఈ నాలుగు గడులు గీసి నింపండి. సమానధర్మం గడిలో రాసినది వచనంలోనో, దాని సందర్భంలోనో వేలుపెట్టి చూపలేకపోతే కొట్టేయండి.

పేతురు పత్రికలో ఇంకొకటి గమనించండి. గర్జించే సింహం ఎదురైనప్పుడు ఆయన పారిపొమ్మనలేదు, మీదపడి కొట్టమనీ అనలేదు. మెలకువగా ఉండమన్నాడు, విశ్వాసంలో స్థిరులై ఎదిరించమన్నాడు. గ్రీకులో ఆ "మెలకువ" క్రియనే గెత్సేమనే తోటలో యేసు పేతురుతో అన్నాడు (మార్కు 14:37, 38), ఆ రాత్రి పేతురు నిద్రపోయాడు. రాసినవాడికి ఈ మాట బరువు తెలుసు. 7వ వచనాన్నీ విడదీయకండి. చింత అంతా ఆయన మీద వేసిన తర్వాతే సింహం సంగతి వస్తుంది. ముందు చింత వదలనివాణ్ని సింహం పేరు చెప్పి భయపెడితే ఇంకా కుంగిపోతాడు.

ప్రశ్న: "ముసలి సింహానికి పళ్లుండవు, ఒకవైపు నిలబడి గర్జిస్తుంది, మంద భయపడి రెండోవైపు పరుగెత్తితే అక్కడ పొంచివున్న ఆడ సింహాలు పట్టుకుంటాయి. కాబట్టి గర్జన వైపే పరుగెత్తండి" అనే ఉదాహరణ చాలాసార్లు విన్నాను. వాడుకోవచ్చా?

వాడకండి. వేట సమయంలో సింహాలు చప్పుడు చేయవు. వీలైనంత దగ్గరికి నక్కి వచ్చి చివర్లో దూకుతాయి. గర్జన ప్రధానంగా సరిహద్దు చాటుకోవడానికి, దూరంగా ఉన్న తమ గుంపువాటితో కలవడానికి. రాత్రి నిశ్శబ్దంలో అది 8 కిలోమీటర్ల దాకా వినిపించగలదు. ముసలి మగ సింహాన్ని సాధారణంగా వయసులో ఉన్న మగవి గుంపునుంచి తరిమేస్తాయి, దానికి కాపలా ఉద్యోగం ఎవరూ ఇవ్వరు.

"నిజం కాకపోయినా నీతి మంచిదే కదా" అంటారు. నీతి కూడా తేడాగానే ఉంది. అపవాదికి పళ్లు ఊడిపోయాయని పేతురు ఎక్కడా చెప్పలేదు. తర్వాతి వచనంలోనే (1 పేతురు 5:9) లోకమంతటా ఉన్న సహోదరులకు అవే శ్రమలు కలుగుతున్నాయంటాడు. నిజంగా గాయపడి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న మనిషికి "అది ఉత్త గర్జనే" అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. గర్జన మీద ఉదాహరణ కావాలంటే ఆమోసు 3:8 ఉంది: సింహం గర్జిస్తే భయపడనివాడెవడు, ప్రభువు ఆజ్ఞ ఇస్తే ప్రవచింపకుండువాడెవడు? అక్కడ గర్జిస్తున్నది దేవుడు. ప్రసంగీకుడే ముందు భయపడాల్సిన వచనం అది.

ప్రశ్న: గొర్రెల మధ్య పెరిగిన సింహపు కూన నీళ్లలో తన నీడ చూసుకుని తాను సింహమని తెలుసుకునే కథతో రక్షణ సందేశం ముగించవచ్చా?

అది హిందూ వేదాంత బోధలో ప్రసిద్ధమైన కథ, అక్కడ చక్కగా అతుకుతుంది. నీవు ఎప్పటినుంచో అదే, తెలియకపోవడమే లోపం అని చెప్పడానికి దాన్ని వాడతారు. యోహాను 3లో యేసు నీకొదేముతో చెప్పినది మరొకటి: కొత్తగా జన్మించాలి. ఒకదాన్ని చెప్పడానికి పుట్టిన కథతో రెండోదాన్ని చెప్పలేం. పైగా క్రొత్త నిబంధనలో విశ్వాసులు చివరిదాకా గొర్రెలే. యోహాను 10లో వాటి ధైర్యం కాపరి స్వరం తెలియడంలో ఉంది.

ప్రశ్న: దానియేలు గుహను చెప్పినప్పుడల్లా "నీ సింహాల నోళ్లు కూడా దేవుడు మూస్తాడు" అని ముగిస్తాం. కానీ మా సంఘంలో ప్రార్థించినా బిడ్డను పోగొట్టుకున్న దంపతులున్నారు. వాళ్ల ముందు ఈ మాట నోటికి రావడం లేదు.

రాకపోవడమే మంచిది. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని 33వ వచనం దగ్గర ఆపేస్తున్నాం, ఇబ్బంది అక్కడే మొదలవుతోంది. "సింహముల నోళ్లను మూసిరి" అన్న వాక్యం ఇంకా సాగుతుంది. 35వ వచనం మధ్యలో మలుపు తిరిగి యాతన పెట్టబడినవారు, 37లో రంపాలతో కోయబడినవారు వస్తారు. వాళ్లకు విశ్వాసం తక్కువని పత్రిక అనదు. 39వ వచనం ఇరుపక్షాలనూ కలిపి, అందరూ తమ విశ్వాసం చేతనే సాక్ష్యం పొందారంటుంది.

సంఘ చరిత్రా అదే చెబుతుంది. రెండో శతాబ్దం తొలినాళ్లలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియసును మృగాలకు వేయడానికి రోముకు తీసుకెళ్తున్నప్పుడు, తనను విడిపించే ప్రయత్నం చేయవద్దని ఆయన రోము సంఘానికి రాశాడు. తాను దేవుని గోధుమనని, మృగాల పళ్ల మధ్య పిండి కావాలని రాశాడు. ఆయన ముందు మృగాల నోళ్లు మూతపడలేదు.

ఈ ప్రసంగానికి ముగింపు మారిస్తే చాలు. "దేవుడు తప్పక మూస్తాడు" అనే బదులు, గుహ మీద రాయి పెట్టి రాజు ముద్ర వేసిన తర్వాత కూడా దేవుడు లోపలికి వెళ్లగలిగాడని చెప్పండి. దూత వచ్చింది గుహలోకే. ఆ దంపతులు ఆ వారం కూడికకు వస్తారని తెలిస్తే ముందుగా ఇంటికి వెళ్లి, ఏ భాగం తీస్తున్నారో చెప్పండి. పుల్పిట్ మీదనుంచి వాళ్లవైపు చూడకండి, పేరెత్తకండి.

ప్రశ్న: సమ్సోను, దావీదు, బెనాయా ముగ్గురూ సింహాల్ని చంపారు. ముగ్గుర్నీ ఒకే ప్రసంగంలో చెప్పవచ్చా?

మూడు పాయింట్లకు ముగ్గురు మనుషులు దొరికారన్న సంబరం తప్ప మరో లాభం లేదు. న్యాయాధిపతులు 14లో సింహాన్ని చీల్చిన బలం ఆత్మది, తర్వాత కళేబరంలోని తేనె తిని, ఎక్కడిదో తల్లిదండ్రులకు చెప్పకుండా దాచింది సమ్సోను. ధైర్యానికి మాదిరిగా అతన్ని నిలబెడితే మిగతా కథ ఎదురుతిరుగుతుంది. దావీదు యోధుడైన బెనాయాకు 2 సమూయేలు 23:20లో ఉన్నది ఒక్క వాక్యం, దాన్ని 20 నిమిషాలకు సాగదీయలేరు.

దావీదును తీసుకోండి. 1 సమూయేలు 17:34, 35లో ఎదురుగా ఉన్నది సింహం, పోయింది ఒక్క గొర్రెపిల్ల. మందలో ఒకటి పోతే కాపరులకు లెక్క చూపే పద్ధతి ఉండేది. మృగం చీల్చిందని రుజువు తెస్తే చాలునని నిర్గమకాండము 22:13 చెబుతుంది. ఆమోసు 3:12లోని కాపరి సింహం నోటినుంచి రెండు కాళ్లో, చెవి ముక్కో లాగి తెస్తాడు. దావీదు పిల్లనే తెచ్చాడు. గొల్యాతుతో పోరాడతానని సౌలు రాజు ముందు నిలబడినప్పుడు ఆ బలాన్ని తన లెక్కలో వేసుకోలేదు. "రక్షించిన యెహోవా" అన్నాడు, 37వ వచనం.

ప్రశ్న: సింహమూ గొర్రెపిల్లా పక్కపక్కన పడుకున్న బొమ్మ కింద ఏ రిఫరెన్స్ వేయాలి?

అచ్చంగా ఆ జంట ఏ వచనంలోనూ లేదు. యెషయా 11:6లో గొర్రెపిల్లతో ఉండేది తోడేలు, మేకపిల్లతో చిరుతపులి, దూడతో కొదమసింహం. 65:25లోనూ గొర్రెపిల్ల పక్కన తోడేలే, సింహం ఎద్దులా గడ్డి తింటుంది. ప్రకటన 5లో సింహమూ గొర్రెపిల్లా ఇద్దరు కారు, ఒక్కరే. యోహాను సింహం అని విన్నాడు, తిరిగి చూస్తే వధింపబడినట్లున్న గొర్రెపిల్ల. ఆ తర్వాత ఆ పుస్తకంలో యేసును మళ్లీ సింహం అనరు. గొర్రెపిల్ల అని మాత్రం మొత్తం 28 సార్లు ఉంది. బొమ్మ మార్చలేకపోతే రిఫరెన్స్ వేయకుండా వదిలేయండి.

ప్రశ్న: మార్కు సువార్తకు సింహం గుర్తు ఎందుకు?

ప్రకటన 4:7లోని నాలుగు జీవులను నాలుగు సువార్తలకు జతచేసే అలవాటు పాతది. అయితే జతలు అందరివీ ఒకటి కాదు. రెండో శతాబ్దంలో బిషప్ ఐరేనియస్ సింహాన్ని యోహానుకు, పక్షిరాజును మార్కుకు ఇచ్చాడు. తర్వాతి కాలంలో బిషప్ అగస్టీన్ సింహాన్ని మత్తయికి ఇచ్చాడు. ఇప్పుడు చర్చిల కిటికీల మీద కనిపించే జత బైబిలు పండితుడు జెరోము చెప్పినది: అరణ్యంలో కేక వేసే శబ్దంతో మార్కు మొదలవుతుంది కాబట్టి సింహం. పిల్లలకు బొమ్మ చూపి చెప్పడానికి బాగుంటుంది. దాన్ని ఆధారం చేసుకుని మార్కు సువార్తకు అర్థం చెప్పబోకండి.