అరచేతి ఇస్త్రీ

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితుడు చైనా నుంచి లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీ తెచ్చి ఇచ్చాడు. ఆకులన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉన్నాయి. మిషన్‌లో పెట్టి నొక్కుతారా? మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే ఒకటే చేదు. పాత సరుకా?

జవాబు: పాతది కాకపోవచ్చు. పాపం, మీరే దాన్ని ఉడకబెట్టారు. ముందు ఇస్త్రీ సంగతి చెప్తాను.

ఉద్యోగం మీద రెండేళ్ళు హాంగ్‌జౌలో ఉన్నాను. అక్కడి షీహూ సరస్సు వెనక కొండల్లోనే లాంగ్‌జింగ్ అనే ఊరుంది. ‘డ్రాగన్ బావి’ అని అర్థం. మార్చి నెలాఖరున ఆ చుట్టుపక్కల ఒక ఇంట్లో పెద్దాయన టీ వేయించడం చూశాను. కోసిన చిగుళ్ళను కొన్ని గంటలు నీడలో పల్చగా ఆరబోసి ఉంచాడు. నున్నటి ఇనుప బాణలికి మైనంలా గట్టిగా ఉన్న నూనె కొద్దిగా రుద్ది, రెండు గుప్పిళ్ళ ఆకు వేశాడు. గరిటె లేదు, గ్లవుజు లేదు. ఆకును వట్టి చేత్తో ఎత్తి విదిలిస్తాడు, ఆవిరి పోనిస్తాడు. కాస్త మెత్తబడగానే అరచేత్తో బాణలి అంచుకు అదిమి పైకి లాగుతాడు. ఆ అదమడంలోనే ఆకు చదునవుతుంది. ముందే గట్టిగా నొక్కితే రసం కారి నల్లబడుతుంది, ఆలస్యమైతే పొడైపోతుంది. నన్నూ ఒకసారి చెయ్యి పెట్టమన్నాడు. పెట్టినంత వేగంగా తీసేశాను. ఆయన నవ్వి తన అరచెయ్యి చూపించాడు, చెప్పు అడుగులా ఉంది.

పావుగంటయ్యాక ఆకు తీసి చల్లార్చి, గంట తర్వాత తక్కువ వేడి మీద మళ్ళీ వేయించాడు. నాలుగు కిలోల పైచిలుకు పచ్చాకు వేయిస్తే కిలో టీ మిగులుతుంది. ఇప్పుడు మిషన్లూ వచ్చాయి, మీ డబ్బాలోది ఏ రకమో చూడకుండా చెప్పలేను.

అసలు వేయించడం దేనికంటే, కోసిన ఆకు ఆపిల్ ముక్కలాగే గాలికి గోధుమ రంగులోకి తిరుగుతుంది. దాన్ని అలా తిరగనిస్తే బ్లాక్ టీ. ఆ మార్పు తెచ్చే ఎంజైమును వేడితో ముందే చంపేస్తే ఆకు పచ్చగా ఉండిపోతుంది. చైనాలో టాంగ్ రాజుల కాలంలో (7-10 శతాబ్దాలు) ఈ పని ఆవిరితో చేసేవారు. ఆకును దంచి బిళ్ళలు కట్టేవారు. బిళ్ళల తయారీ జనానికి మోయలేని చాకిరీ అని మింగ్ వంశ స్థాపకుడు 1391లో బిళ్ళ టీ కప్పం రద్దుచేసి విడి ఆకే పంపమన్నాడు. బాణలి వేపుడు ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఆకు చదునెందుకంటే గైడ్లు మాత్రం 18వ శతాబ్దపు చియన్‌లాంగ్ చక్రవర్తి కథే చెప్తారు. తల్లికి జబ్బని కబురొస్తే కోసిన చిగుళ్ళు చొక్కా చేతిలో దోపుకుని పరిగెత్తాడట, అవి అక్కడే నలిగి చదునయ్యాయట! ముచ్చటైన కథే గానీ నేను నమ్మను. ఆయన హాంగ్‌జౌ రావడం, టీ కోత, వేపుడు చూసి ఎంత శ్రమో అని కవిత రాయడం మాత్రం నిజం.

ఇక మీ చేదు. నీళ్ళు మరిగాక దించి కాసేపు ఆగండి, 80 డిగ్రీలు చాలు. గాజు గ్లాసులో చెంచాడు ఆకు వేసి పోయండి, మూత వద్దు. మూడో వంతు మిగిలుండగానే మళ్ళీ నీళ్ళు పోసుకోవచ్చు. మొగ్గలు నిలువుగా లేచి నిలబడటం కూడా చూస్తారు.

ప్రశ్న: లాంగ్‌జింగ్ అనే పేరుతోనే రెండు ప్యాకెట్లు. ఒకదాని ధర ఇంకోదానికి అయిదింతలు. మోసమేనా?

జవాబు: మోసమే కానక్కర్లేదు. ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన ఆకుకు రేటు ఎక్కువ. చలిలో మెల్లగా పెరిగిన లేత మొగ్గ, తీపి ఎక్కువ, దిగుబడి తక్కువ. పైగా లాంగ్‌జింగ్ పేరు షీహూ, చియాన్‌టాంగ్, యువేజౌ అనే మూడు ప్రాంతాల టీకీ ఉంది. ఖరీదైనది షీహూదే. ప్యాకెట్ మీద ఆ అక్షరాలున్నాయేమో చైనీస్ వచ్చినవాళ్ళకు చూపించండి.