టీక ఉన్న భారతమే కొనండి

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇంటర్ తర్వాత పద్యం ముట్టలేదు. ఇప్పుడు కవిత్రయ భారతం మూలంలోనే చదవాలని కోరిక. మూలం మాత్రమే వేసిన పుస్తకం చవకగా దొరుకుతోంది. అది సరిపోతుందా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చవక ప్రతి వద్దమ్మా. కాలేజీ రోజుల్లో నేనూ అలాంటిదే కొన్నాను. విరాటపర్వంలో ద్రౌపది కీచకుణ్ణి హెచ్చరించే పద్యం ‘దుర్వారోద్యమ బాహువిక్రమ రసాస్తోక ప్రతాపస్ఫుర’ అని మొదలవుతుంది. నా పుస్తకంలో ‘రసా’ అన్న రెండక్షరాలు ఎగిరిపోయాయి. ‘రసాస్తోక’లోని ‘అస్తోక’ అంటే కొంచెం కానిది. అచ్చుతప్పు వల్ల అది ‘స్తోక’ అయింది, అంటే కొద్దిపాటిది. భర్తల పరాక్రమం చెప్పి బెదిరించే ఇల్లాలు, వాళ్లు మట్టుపెట్టే శత్రువీరుల ప్రతాపం కొంచెమే అంటుందా? వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి మా మాస్టారు వేళ్లమీద లెక్కపెట్టి, ‘ఇది శార్దూల ఛందస్సు, పాదానికి 19 అక్షరాలుండాలిరా, నీ దగ్గర 17 ఉన్నాయి’ అన్నారు. అప్పటినుంచి ఏ ప్రతి కొనాలన్నా ముందు నాలుగు వృత్తాలు, అంటే పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క ఉన్న పద్యాలు, లెక్కపెట్టి చూస్తాను. మీరూ దుకాణంలో నిలబడే చూడండి.

మొదటిసారి చదవడానికి తిరుమల తిరుపతి దేవస్థానం వారి 15 సంపుటాలే నా ఎంపిక. టీక, అంటే మాటమాటకూ అర్థం చెప్పే ప్రతిపదార్థం, దాంతోపాటు తాత్పర్యం, విశేషాలు అన్నీ ఉంటాయి. డబ్బంతా ఒకేసారి పెట్టకండి; లైబ్రరీ నుంచి విరాటపర్వం తెచ్చుకుని మొదలుపెట్టండి. ఆదిపర్వంతో మొదలుపెట్టి అవతారిక (కవి రాసుకున్న పీఠిక) దగ్గరే ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. నన్నయ గారంటే నాకు ప్రాణం, కానీ తిక్కన గారు మిమ్మల్ని సంభాషణల్లోకి లాక్కుపోతారు. వానల కోసం ఊళ్లలో చదివించుకున్నదీ ఈ పర్వాన్నే.

పక్కన బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం నిఘంటువు ఉంచుకోండి. 1885 నాటిదైనా ఇప్పటికీ అక్కరకొస్తుంది. పాఠాంతరాలతో, అంటే వేర్వేరు ప్రతుల్లో మాటల తేడాలతో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు వేసిన సంశోధిత ముద్రణ రెండో చదువుకు. సంస్కృతంతో పోల్చాలనిపిస్తే పుణె భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన ప్రతి ఉంది. అయితే మన కవుల ముందున్నది దక్షిణాది పాఠం. పుణె వారు మూలంలోంచి తీసి అధోజ్ఞాపికల్లో (పేజీ అడుగున గమనికల్లో) వేసిన శ్లోకాలకూ మనకు తెలుగు పద్యాలు కనిపిస్తాయి. సంస్కృత మూలంలో లేదని తిక్కన గారిని తప్పుపట్టే ముందు ఆ అధోజ్ఞాపికలు చూడండి.

పద్యాన్ని ముందు గొంతెత్తి చదవండి, టీక తర్వాత. ఆ ద్రౌపది పద్యమే చూడండి: పై రెండు పాదాలకు టీక కావాలి. చివర ‘మానముఁ బ్రాణముం గొనుట తథ్యం’ అన్నచోట అక్కర్లేదు.